జపనీస్ రాదు, పఫీ పాటలు వినాలనుంది, "జెట్ సీడీ"తో మొదలుపెట్టొచ్చా? నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో టీన్ టైటన్స్ చూసేవారు, ఆ టైటిల్ పాట ఈమధ్య మళ్లీ చెవిన పడింది, అది పాడింది పఫీ అనే ఇద్దరు జపాన్ అమ్మాయిలని తెలిసింది. ఒకరేమో 1998లో వచ్చిన "జెట్ సీడీ" ఆల్బమ్ వినమన్నారు, ఇంకొకరు అదంతా బీటిల్స్ కాపీ, గొంతుల్లో కూడా ఏం పస లేదు అన్నారు. మీకూ మీ చెల్లికీ కలిసి ఒక పాట నేర్చుకోవాలనుంది, ఇద్దరికీ జపనీస్ ముక్క రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి అని.

జెట్ సీడీతోనే మొదలుపెట్టండి. కాపీ అన్న మాట తప్పు, గొంతుల్లో పస లేదన్న మాట ఇంకా తప్పు. జపనీస్ రాకపోవడం అడ్డంకి కాదు, తెలుగువాళ్లకి అయితే అసలే కాదు, అదెందుకో కింద చెప్తాను ఎందుకంటే ఈ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన విషయం అదే.

నేనెవరంటే, మాది కాకినాడ, చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద జపాన్‌లో కవాసకి అనే ఊళ్లో తొమ్మిదేళ్లున్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో జపనీస్ క్లాసులు చెప్తున్నాను. క్లాసులో పాటలు వాడతాను, అందులో పఫీ పాటలు ఎక్కువ.

ముందు వాళ్ల సంగతి కొంచెం. అమి ఓనుకి, యుమి యోషిమురా. 1996 మే 13న మొదటి సింగిల్ "ఆసియా నో జున్షిన్" వచ్చింది, పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. పాటలు కట్టి వాళ్లని ప్రొడ్యూస్ చేసింది ఒకుదా తమియో, యూనికార్న్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు, ఆ బ్యాండ్ 1993లో విడిపోయింది. అప్పట్లో జపాన్ చార్టుల్లో ఎక్కడ చూసినా కొమురో తెత్సుయా అనే ప్రొడ్యూసర్ కట్టిన డాన్స్ పాటలే, పాడేది అమురో నమియే, గ్లోబ్, టీఆర్ఎఫ్ లాంటివాళ్లు, అంతా సింథసైజర్లు, మెరిసే బట్టలు, పై స్థాయిలో గొంతు చించుకుని పాడటం. వాటి మధ్యలో టీషర్టు, జీన్స్ వేసుకుని ఇద్దరమ్మాయిలు పక్కింటివాళ్లలా నిలబడి, పెద్దగా కష్టపడుతున్నట్టు కనపడకుండా గిటార్ పాటలు పాడారు. ఆ తీరుకి జపాన్‌లో ఒక పేరుంది, దత్సుర్యోకు-కేఇ అంటారు, అంటే ఒంట్లో బిగువంతా వదిలేసిన పద్ధతి అని. ఆ వదులుతనం కింద ఎంత పని ఉందో తెలియాలంటే జెట్ సీడీ వినాలి.

1998 ఏప్రిల్ 1న వచ్చింది ఆల్బమ్. అది జపాన్ సీడీ అమ్మకాలు చరిత్రలోనే పీక్‌లో ఉన్న సంవత్సరం. లెక్కకి వీళ్ల మూడో ఆల్బమ్, కానీ మధ్యలో 1997లో వచ్చిన "సోలోసోలో"లో ఇద్దరూ విడివిడిగా పాడారు, కాబట్టి ఇద్దరూ కలిసి పాడిన ఆల్బమ్‌గా ఇది రెండోదే అనుకోవచ్చు. మొదటి ఆల్బమ్ "అమియుమి" నాటికి వీళ్లు కొత్తవాళ్లు. జెట్ సీడీకి వచ్చేసరికి ఏడాదిన్నరలో వరసగా వచ్చిన హిట్లు ఇందులో చేరాయి. 1996 అక్టోబర్‌ది "కొరె గ వతషి నో ఇకిరు మిచి", 1997 మార్చిది "సర్కిట్ నో ముసుమె", ఏప్రిల్‌ది "నగిస ని మత్సువరు ఎట్ సెటెరా", 1998 మార్చిది "ఐ నో షిరుషి". ఈ నాలుగూ నాలుగు దారులు. ఒకటి అరవైల రాక్, ఒకటి యమహా స్కూటర్ యాడ్‌కి సరిపోయే స్పీడు పాట (నిజంగానే యాడ్‌లో వాడారు), ఒకటి డెబ్భైల డిస్కో, ఒకటి స్పిట్జ్ బ్యాండ్ గాయకుడు కుసానో మసమునె రాసిచ్చిన చక్కటి ప్రేమ పాట. ఇన్ని రకాలున్నా ఆల్బమ్ అతుకుల బొంతలా అనిపించదు, కారణం ఆ రెండు గొంతులే, పాట ఏ వేషం వేసినా పాడే తీరు మారదు.

ఇప్పుడు కాపీ సంగతి. "కొరె గ వతషి నో ఇకిరు మిచి" మొదలవ్వగానే బీటిల్స్ గుర్తొస్తారు, రాకపోతే ఆశ్చర్యపోవాలి, ఎందుకంటే ఒకుదా కావాలనే అలా చేశాడు. గిటార్ మోగే తీరు, డ్రమ్స్ పడే తీరు, వాక్యం చివర గొంతులు విడిపోయి హార్మనీలోకి వెళ్లే తీరు, అన్నీ 1963, 64 నాటి బీటిల్స్ రికార్డుల్ని బాగా అరగదీసి విన్నవాడి చేతి పని. కానీ ట్యూన్ అతనిది. మన దగ్గర యాభైల్లో హిందీ ట్యూన్ యథాతథంగా తెచ్చి తెలుగు మాటలు పెట్టిన పాటలున్నాయి కదా, అక్కడ ట్యూన్ అరువు, మిగతాది మనది. ఇక్కడ తిరగేసి ఉంది, ట్యూన్ సొంతం, వాసన అరువు. ఆ వాసన కూడా దాచిపెట్టలేదు, వినేవాడు గుర్తుపట్టి నవ్వుకోవాలనే పెట్టారు. నా స్టూడెంట్స్‌లో గిటార్ వాయించే అబ్బాయి ఒకడు ఇదే కాపీ మాట అన్నాడు, సరే ఏ పాటకి కాపీయో చూపించు అంటే వారం రోజులు వెతికి, "అక్కా, ముక్కలు ముక్కలుగా చాలా పాటలు గుర్తొస్తున్నాయి కానీ ఇదీ అని ఒక్కటి దొరకట్లేదు" అన్నాడు. అదే నేను చెప్పేది.

గొంతుల దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మనకి డ్యూయెట్ అంటే ఆయన ఒక లైను ఆవిడ ఒక లైను, ప్రశ్న జవాబు. పఫీలో ఎక్కువ భాగం ఇద్దరూ ఒకే లైను, ఒకే స్వరం, ఒకేసారి పాడతారు. మనకి ఇది పూర్తిగా కొత్తేం కాదు, లవకుశ సినిమాలో లవుడికీ కుశుడికీ లీల గారు, సుశీల గారు కలిసి పాడింది గుర్తు తెచ్చుకోండి, రెండు గొంతులూ వేరు వేరుగా తెలుస్తూనే ఒకటిగా వినిపిస్తాయి. బతుకమ్మ దగ్గర ఒకరు అందుకుంటే మిగతావాళ్లంతా తిరిగి అనేటప్పుడు వచ్చే నిండుతనం కూడా అలాంటిదే. అయితే లీల, సుశీల గార్ల దగ్గర గమకం కూడా ఇద్దరిదీ ఒకేలా వంగుతుంది, అది మహా విద్వత్తు. పఫీ దగ్గర గమకమే లేదు, వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించడం, లేదు, స్వరం మీద తిన్నగా కాలు పెట్టి తిన్నగా తీసేస్తారు. వినడానికి ఎవరైనా పాడేయొచ్చు అనిపిస్తుంది.

నేనూ అలాగే అనుకున్నాను. కవాసకిలో మా టీమ్‌లో నాకన్నా పెద్దావిడ ఒకావిడ ఉండేది, తొంభైల్లో కాలేజీలో ఉన్న మనిషి, ఏడాది చివర పార్టీ అయ్యాక కరోకేకి తీసుకెళ్లి నగిస పాట పెట్టి రెండో మైకు నా చేతిలో పెట్టింది. పాట నాకు వచ్చు, శృతి తప్పలేదు, తాళం తప్పలేదు, అయినా మా ఇద్దరి గొంతులూ నూనె నీళ్లలా విడివిడిగానే ఉన్నాయి. ఆవిడ పాట మధ్యలోనే నా వైపు చూసి అరచెయ్యి గాల్లో అడ్డంగా తిన్నగా కదిపి చూపించింది, "మస్సుగు, మస్సుగు" అంది, అంటే తిన్నగా, తిన్నగా. నేను ప్రతి పొడుగు అచ్చునీ నాకు తెలియకుండానే కొంచెం ఊపుతున్నానట. ఆరేళ్ల సంగీతం గొంతులోంచి ఊరికే పోదు. ఊపకుండా పాడటానికి నాకు మూడు నెలలు పట్టింది, ఆఫీసు నుంచి ఇంటికి నడిచేటప్పుడు రోజూ అదే పని. ఒకరోజు ఆవిడతో మళ్లీ పాడుతుంటే ఆ ఒక్క చోట, కోరస్ రెండోసారి వచ్చినప్పుడు, నా గొంతు నాకు వినిపించలేదు, ఆవిడదీ వినిపించలేదు, మూడో గొంతు ఒకటి వినిపించింది. ఆల్బమ్ మొత్తం వినేది ఆ మూడో గొంతునే. అమి, యుమిల్లో ఎవరు ఎవరో కనిపెట్టాలని ప్రయత్నించకండి మొదట్లో, ఆ మూడో మనిషిని వినండి.

భాష సంగతి. తెలుగులో మాట చివర దాదాపు ఎప్పుడూ అచ్చు ఉంటుంది, జపనీస్‌లోనూ అంతే, లేదంటే చివర మన సున్నా లాంటి "న్" ఉంటుంది. మాటల వరస కూడా మనదే. "కొరె గ వతషి నో ఇకిరు మిచి" తీసుకోండి: కొరె గ అంటే ఇదే, వతషి నో అంటే నా లేదా నేను, ఇకిరు అంటే బతికే, మిచి అంటే దారి. ఇదే నేను బతికే దారి. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు, బతికే అన్నది దారికి ముందు మనలాగే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ఈ వాక్యాన్ని తలకిందులు చేసి అర్థం చేసుకోవాలి, మనం చదివేస్తే చాలు.

పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. ఇది నా క్లాసులో మొదటి రోజు చెప్పే రూల్. మనకి ఎ వేరు ఏ వేరు, ఒ వేరు ఓ వేరు. జపనీస్‌కి కూడా అదే తేడా ప్రాణం. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నాయనమ్మో, ఒక్క దీర్ఘంతో ఒక తరం మారిపోతుంది. హిందీ లిపిలో రాసుకునే వాళ్లకి ఎ, ఏ తేడా చూపించడానికి మామూలు అక్షరమే లేదు, మనకి పుట్టుకతో ఉంది.

ఇంకో మాట, ఇది ఛందస్సు చదివినవాళ్లకి బాగా నచ్చుతుంది. జపనీస్ పాటలో లెక్క అక్షరానికి కాదు, మన మాత్రకి. లఘువుకి ఒకటి, గురువుకి రెండు, అచ్చం అదే. జున్షిన్ అనే మాట మన చెవికి రెండు అక్షరాలు, కానీ రెండూ గురువులు, నాలుగు మాత్రలు, జపాన్‌వాళ్లు పాడేటప్పుడు కూడా జు-న్-షి-న్ అని నాలుగు దెబ్బలు లెక్కేస్తారు. ఇకిరు మిచి అయిదూ లఘువులు, అయిదు దెబ్బలు. జెట్టొ అంటే జె-ట్-టొ, మూడు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నా స్టూడెంట్స్ సున్నాని మింగేసి పాట కన్నా ముందు వెళ్లిపోతుంటారు, పదో తరగతిలో గణవిభజన చేసినవాళ్లని గురువుకి U గుర్తు పెట్టమంటే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. మత్సువరు, కెఇసత్సు లాంటి మాటల్లో "త్సు" అని ఒత్తు రాస్తే మన లెక్కలో దాని ముందక్షరం గురువైపోతుంది, నిజానికి అక్కడ లఘువే. ఆ శబ్దం మనకి ఉంది, చుక్కలో చు, చుట్టంలో చు, ఊళ్లో పెద్దవాళ్లు పలికే చు. అందుకే నేను "చు" అని రాయించి దాని నెత్తిన చిన్న టిక్కు పెట్టిస్తాను, మచువరు, కెఇసచు. మా అమ్మమ్మ చుక్క అన్నంత బాగా ఈ శబ్దాన్ని నేను టోక్యోలో కూడా వినలేదు.

పాటల అర్థాల మీద మాత్రం ఎక్కువ ఆశలు పెట్టుకోకండి, కొన్నిటికి వెతికినా కథ దొరకదు. మొదటి సింగిల్‌కీ నగిస పాటకీ మాటలు రాసింది ఇనొఉఎ యోసుయి, జపాన్‌లో పాటల రచనలో పెద్ద పేరు, డెబ్భైల నుంచి ఉన్న మనిషి. ఆయన శబ్దం కోసం రాశాడు. ఆసియా నో జున్షిన్ మొదలవ్వడమే బీజింగ్, బెర్లిన్, డబ్లిన్ అని ఊళ్ల పేర్లు, ఆ వరసలోనే లైబీరియా, ఎందుకు అంటే నోట్లో బాగా దొర్లుతాయి కాబట్టి. నగిస పాట పేరుకి అర్థం సముద్రపు ఒడ్డు తాలూకు వగైరా వగైరా, కోరస్‌లో పీతలు తినడానికి పోదాం పద అంటారు. నాకిది కాకినాడ బీచ్ పాటలాగే వినిపిస్తుంది. క్లాసులో ఈ లైను బాగా పనికొస్తుంది కూడా, ఎందుకంటే పుస్తకంలో ఉండే విభక్తులన్నీ వదిలేసి ఇంట్లో మాట్లాడుకునేలా కుదించారు, "పీతలను తినుటకు వెళ్లెదము"కీ "పీతలు తిందాం పద"కీ ఉన్న తేడా. జపాన్ వెళ్లిన ఒక నర్సమ్మాయి, నా దగ్గరే చదివింది, డ్యూటీ చేసే చోట స్వాగత పార్టీలో ఈ పాట పాడితే నలభై దాటిన తోటి నర్సులందరూ చేతుల స్టెప్పులతో సహా లేచారని ఫోన్ చేసి చెప్పింది. ఆ వయసువాళ్లకి ఆ స్టెప్పులు ఒంట్లోనే ఉంటాయి.

వేరే ఆల్బమ్‌ల గురించి అడగలేదు కానీ రెండు ముక్కలు. టీన్ టైటన్స్ పాట 2003ది, దాన్ని రాసింది ఆండీ స్టర్మర్ అనే అమెరికన్, జెల్లీఫిష్ బ్యాండ్ మనిషి, పఫీ అన్న పేరు పెట్టింది కూడా ఆయనే అంటారు. అమెరికాలో ర్యాపర్ పఫీ ఉన్నాడు కాబట్టి అక్కడ వీళ్ల పేరు పఫీ అమియుమి అయింది. ఆ పాట జోరు మీద 2004లో వీళ్ల పేరుతోనే కార్టూన్ వచ్చింది, అందులో బొమ్మలకి మాటలు చెప్పింది వేరేవాళ్లు, అసలు అమి, యుమి మధ్యలో చిన్న చిన్న వీడియో ముక్కల్లో కనిపిస్తారు. కార్టూన్ పఫీ కోసం వెతికితే జెట్ సీడీ మొదటిసారి మెత్తగా అనిపించొచ్చు, టీన్ టైటన్స్ అంత దూకుడు ఇందులో లేదు. ఆ దూకుడే కావాలంటే మొదటి పాట "జెట్ కెఇసత్సు", తర్వాత సర్కిట్ పాట విని మిగతాది రేపటికి ఉంచుకోండి. సోలోసోలో మాత్రం ఇప్పుడే వద్దు, మీకు కావాల్సింది ఇద్దరూ కలిసి పాడింది కాబట్టి. ఒకటి రెండు నెలలయ్యాక 1999 ఆల్బమ్ "ఫీవర్ ఫీవర్"కి వెళ్లండి. 2021లో పాతికేళ్లయిన సందర్భంలో కూడా కొత్త ఆల్బమ్ వేశారు, గొంతులు కాస్త బరువెక్కాయి, తిన్నదనం అలాగే ఉంది.

సీడీ కొనాలనుకుంటే, తెలిసినవాళ్లెవరైనా జపాన్‌లో ఉంటే పాతది కొనిపించండి. అక్కడ కొత్త ఆల్బమ్ ధర సుమారు 3000 యెన్లు, షాపు వాళ్లు ఇష్టమొచ్చినట్టు తగ్గించడానికి వీల్లేకుండా ధర కట్టడి పద్ధతి ఉంది. కానీ సెకండ్ హ్యాండ్‌కి ఆ కట్టడి లేదు, పైగా తొంభైల్లో లక్షల్లో అమ్ముడైన ఆల్బమ్‌లు సెకండ్ హ్యాండ్ షాపుల్లో కింద అరల్లో కుప్పలుగా ఉంటాయి, నాది 280 యెన్లకి దొరికింది. కొనేటప్పుడు లోపల పాటల పుస్తకం ఉందో లేదో చూడమనండి, దాన్ని కషి కార్డ్ అంటారు, మీకు అసలు కావాల్సింది అదే. పక్కన చుట్టే కాగితం పట్టీ, ఓబి, లేకపోయినా పర్వాలేదు, అది కలెక్షన్ చేసేవాళ్ల గొడవ.

ఇక మీరూ మీ చెల్లీ. ఐ నో షిరుషితో మొదలుపెట్టండి, నగిసతో కాదు. ప్రేమ గుర్తు అని అర్థం, స్వరాలు మరీ పైకి వెళ్లవు, మాటలు తేలిక. మొదటి వారం పాడొద్దు, మాటలు తెలుగులో రాసుకుని గురువులకి U గుర్తులు పెట్టి, తాళం వేస్తూ ఊరికే చదవండి ఇద్దరూ కలిసి. రెండో వారం పాడండి, పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా కూర్చుని, నోరు చూసుకుంటూ. ఫోన్ ఒకటే పెట్టి ఇద్దరి మధ్యలో రికార్డ్ చేయండి, విన్నప్పుడు ఇది నేను, ఇది చెల్లి అని తెలుస్తున్న చోటల్లా కాగితం మీద ఒక చుక్క పెట్టండి. నా అనుభవంలో చుక్కలు రెండు చోట్లే గుంపుగా పడతాయి, లైను చివర అచ్చు ఎప్పుడు ఆపాలో ఒప్పందం లేని చోట, సున్నా దగ్గర. ముందు ఆ రెండూ సరిచేయండి. మీ చెల్లి సంగీతం నేర్చుకుంటోందని రాశారు కదా, అయితే ఊపు ఆవిడ గొంతులోనే ఎక్కువుంటుంది, ఆవిడని తిన్నగా పాడమని చెప్పేముందు మీ గొంతులో లేదని రికార్డింగ్‌లో చూసుకోండి. అయిదో వారానికి రికార్డింగ్ ఇక్కడే పెట్టండి, చుక్కల కాగితం ఫోటోతో పాటు, విని చెప్తాను.